వంకర జేబు

రాయదుర్గంలో మా వీధికి
రాత్రి పదైనా మిషన్ల మోతే.
వన్నూరమ్మ జీన్సు ప్యాంట్లకు జేబులు కుడుతుంది,
డజనుకింత అని లెక్క.

కటింగులో వంకరపోయిన జేబొకటి
పారెయ్యమన్నాడు సేటు.
దానికి పండ్లూడిన జిప్పు తగిలించి,
జిప్పు నిలవని చోట గుండీ వేసి
"ఇంద పాపా, నీ పెన్సిళ్లకి" అంది.
అందాకా గంగోత్రి
పెన్సిలు జడలో దోపుకొని బడికి పోయేది.

ఆ పిల్ల ఇంగ ఊరుకుంటుందా!
దారం అయిపోయిన కండెల గొట్టాలేరుకొచ్చి
చెప్పుల డబ్బా మూత మీద
మైదా బంకతో నిలబెట్టింది.
స్కేలు దాంట్లో సగమే పట్టింది,
రబ్బరు అడుక్కు పోయి రాలేదు.
ఒక గొట్టం మాత్రం ఖాళీ.

"అదెవురికే?"
"నీ కత్తెరకి. దినామూ ఎతుకుతావు గదా."

మిషన్ ఆగింది.
మా వీధిలో మోత ఎవురికీ వినపడదు,
ఆగితేనే
తలుపు తీసి చూస్తాం.