సంచిలో గాలి

అడగ్గానే చెప్పేసింది ఫోను:
హొనొలులు నుంచి చెన్నైకి గీత గీస్తే
పన్నెండు వేల ఆరొందల కిలోమీటర్లు,
ఆగకుండా ఎగిరితే పద్నాలుగు గంటలు.

ఆగకుండా ఎవరెగురుతారు?
తల్లి రొయ్యలు రెండుచోట్ల విమానం మారాయి.
కాగితాల్లో మంగళవారం బయల్దేరి గురువారం దిగాయి.
మధ్యలో బుధవారం ఏ సముద్రంలో జారిపడిందో
ఎవరూ వెతకలేదు.

క్వారంటైన్ తొట్టెల్లో ఐదు రోజులు.
అవి నా లెక్కలోకి రావు.
నా లెక్క గాలి లెక్క.
సంచికి ఇన్ని నీళ్లు, ఇంత ఆక్సిజన్,
సంచి చిరక్కుండా ముక్కుముల్లుకి రబ్బరు తొడుగు.
మొత్తం పదహారు గంటలు.
నరసాపురం చేరేసరికి రోడ్డు పదమూడు తినేసింది.

చించినాడ వంతెన రిపేరులో ఉంది.
రేవులో వశిష్ఠ.
అవతల సఖినేటిపల్లి దీపాలు.
కూతవేటు. మాటవరసకి కాదు,
మా డ్రైవరు పెమ్మాడి అర్లయ్య ఓయ్ అని కేకేస్తే
అటుగట్టున కుక్క మొరిగింది.

"పంటు ఎప్పుడు కదులుద్దండీ?"
"పాటు తీసిందమ్మా. మేటెక్కి కూచుంది. పోటు రావాల."
"ఎంతసేపు?"
సరంగు చంద్రుడికేసి చూశాడు,
గోడమీద టైంటేబుల్ చూసినట్టు.
"రెండు గంటలు. రెండున్నరనుకోండి."

అయ్యా అన్నాను, బాబూ అన్నాను.
నవ్వాడు.
"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యంటారు కదండీ,
మా తాత పేరు నిజంగా మల్లయ్యేనండి, ఆయ్.
దాటినాక ఆ పేరుతో పన్లేదంట ఎవరికీ."

ఎర్రకాగితం చుట్టిన టార్చితో
సంచీ సంచీ చూశాను.
చీకటి నీళ్లలో కళ్లు, నిప్పురవ్వలు.
మీసాలు ప్లాస్టిక్కుని తడుముతున్నాయి,
గోడ ఎంత దూరమో
మళ్లీ మళ్లీ కొలుచుకుంటున్నాయి.
వాటి ఒంట్లో ఇంకా ఆ దీవి గడియారమే:
ఇక్కడ అర్ధరాత్రి దాటిపోయింది,
అక్కడ నిన్నటి పొద్దు
ఇంకా నడినెత్తికి రాలేదు.

పోటు చప్పుడు చెయ్యకుండా వచ్చింది.
ముందు గుర్రపుడెక్కకి తెలిసింది.
సముద్రంకేసి పోతున్నది పోతున్నట్టే ఆగి,
ఏదో మర్చిపోయినదాన్లా
మెల్లగా ఊరివైపు తిరిగింది.
పంటు కడుపు కింద ఇసుక వదిలింది.

దాటడానికి పన్నెండు నిమిషాలు.

మూడు సంచుల్లో వెల్లకిలా తేలాయి.
మిగతావి బతికాయి.
"ఇంతకీ ఎంత దూరం నించొచ్చాయండీ?" అన్నాడు అర్లయ్య గేరు మారుస్తూ.
చెప్పాను.
కాసేపు మాట్లాడలేదు.
"మరి డీజిలెవరు పోశారో," అన్నాడు.

వ్యాను గట్టెక్కాక గుర్తొచ్చింది,
సరంగు పేరు నేనూ అడగలేదు.

వారం పోయాక, నీళ్లు అలవాటయ్యాక,
ఒక్కో తల్లికి ఒక్కో కన్ను తీసేస్తాం.
గుడ్లు తొందరగా పెడతాయని.
ఆ పని నాదే.
ఏ కన్నో పుస్తకంలో రాసిలేదు.
నేనెప్పుడూ ఎడమదే తీస్తాను.