మూడోసారి

చిత్తూరు కోర్టు వరండాలో
ఇరవై ఆరేండ్లు పేర్లు పిలిచినోణ్ణి.
దఫేదారు ఏకాంబరం అంటే
టీకొట్టు మస్తాను ఇప్పటికీ గుర్తుపడతాడు.
లోపల జడ్జిదొర ఫైలు తిప్పంగానే
వాకిట్లోకొచ్చి గొంతెత్తేవాణ్ణి.
యాదమరి గంగులప్పా... అంటే
చింతచెట్టు కింది మేకలు గూడా తలెత్తేవి.
ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.
మూడోదానికి పలక్కపోతే
ఆ మనిషి లేనట్టే లెక్క.
"పలకలేదు సార్" అని నేనంటే చాలు,
ఒక కయ్యో, ఒక ఇల్లో, ఒక కాపురమో
కాగితం మీద చేతులు మారిపోయేది.

ఆ గొంతే పోయింది.
మామిడికాయల కాలం, బుధవారం.
గుడిపాల మంగమ్మను పిలస్తా పిలస్తా
మంగమ్మలో సగం నోట్లోనే నిలిచిపోయింది.
కుడిచెయ్యి నాది కాకుండా పోయింది.
రాయవేలూరు ఆసుపత్రిలో
నీళ్లు అనబోతే తలుపు అంటాను,
తలుపు అనబోతే ఏడుస్తాను.

ముప్పై ఏండ్లుగా నా పేరెత్తని మనిషి నా పెండ్లాము.
ఇదో, ఏమయా, వాళ్ల నాయిన,
వీటితోనే సంసారం ఈదింది.
మాట నేర్పించే పాప చెప్పిందంట,
పేరుపెట్టి పిలువమ్మా, ముందు తిరిగొచ్చేది అదేనని.
కొంగు నోటికడ్డం పెట్టుకుని
ఏకాంబరం, అనింది.
వార్డులో అందురూ చూస్తాండారని
గోడవైపు తిరిగి మళ్లా అనింది.
మూడోసారికి నేను "ఆ" అన్నాను.

నాలుగు వందల ముప్పై రోజులు.
లెక్క వాళ్లది, తప్పు లేదు.
సెలవుచీటీ పోలేదు, అదీ నిజమే,
పడిపోయింది రాసే చెయ్యే గదా.
సంతపేట బాడుగింటికొచ్చిన కవరు
తలుపు తాళమని వెనక్కి పోయిందంట.
పేపర్లో వేసినారంట,
ఆ పేపరు మా వీధికి రాదు.
తిరిగొచ్చి చూస్తే ఒకటే వాక్యం:
ఉద్యోగము నుండి తొలగించడమైనది.
తీసేసిందెవరో గూడా లేదు అందులో,
వాన కురవడమైనది అన్నట్టు.

వకీలు సహజ న్యాయం అంటాడు.
ఆ మాట నాకు నోరు తిరగదు,
'హ' కాడ నాలుక జారతాది.
ఒక్కటి రాయమన్నాను:
నన్ను ఎవురూ పిలవలేదు.
ఖూనీ చేసినోణ్ణి గూడా మూడుసార్లు పిలిచినాను నేను,
బీడీ ఆర్పి, గుండీ పెట్టుకుని వచ్చేదాకా నిలబడినాను.
నా పేరుకు ఏ బంట్రోతూ వరండాలోకి రాలేదు.

ఇంకొకటుంది. వకీలు వద్దన్నాడు గానీ చెప్తాను.
ఒక మధ్యాన్నం, ఎండ, ఆకలి, దొరకు తొందర.
పెనుమూరు రాజమ్మను రెండుసార్లే పిలిచి
మూడని చెప్పినాను.
ఆయమ్మ బిడ్డకు నీళ్లు తాపను కొళాయి కాడికి పోయుండాది.
తడిచేతులతో పరిగెత్తుకొచ్చి
"ఉండాను సామీ, ఈడే ఉండాను" అనింది.
అప్పటికే ఫైలు మూసినారు.
నోరు పోయిన నెలల్లో
నా లోపల తిరగతా ఉండింది ఆయమ్మ మాటే.

సోమవారం వాయిదా.
పెద్దకోర్టులో పేర్లు పిలవరంట,
గోడ మీద నంబరు ఎర్రగా వెలిగి ఆరిపోతాదంట.
అయినా నేను పొద్దున్నే దొడ్లో నిలబడి
సాధకం చేస్తాండా.
ఉం... డా... ను.
వంటింట్లోంచి ఆమె పిలస్తాది,
ఒకసారి.
రెండుసార్లు.
మూడోది పిలవకుండా ఆగతాది,
పొయ్యి మీద చారు పొంగతా ఉన్నా,
నా నాలుక కుదురుకునేదాకా.