గుల్ల మేస్టారు

విజయనగరంలో డ్రాయింగు చెప్పే జగన్నాయకులు మేస్టారికి
సెలవులంటే సుత్తి.
పదకొండు వేసవులు
గంట్యాడ వైపు, రామతీర్థం వైపు
కనిపించిన రాయినల్లా పగలగొట్టాడు.
ఒక చేప ముల్లు లేదు. ఒక ఆకు ఈనె లేదు.
మద్రాసు నుంచి దొర జాబు రాశాడు:
మీ జిల్లా రాయి ఎన్నడో ఉడికిపోయిన రాయి,
అందులో ప్రాణం ఆనవాలుండదు,
సుత్తికి విశ్రాంతి ఇవ్వండి.
జాబు మడిచి జేబులో పెట్టుకుని
సుత్తి పిడికి కొత్త చీల కొట్టించుకున్నాడు.

కళింగపట్నంలో దాలమ్మది సున్నపు బట్టీ.
ఏటి మొగలో ఏరిన గుల్ల, ఊక, పుల్ల,
రాత్రంతా తిత్తి ఊదడం.
తెల్లారి నీళ్లు చల్లితే
బుస్సుమని విరిగి తెల్లటి పిండి.
ఒక్కటి మాత్రం విరగలేదు.
మూడు మాట్లు కాల్చింది.
"ఇదేటి బాబూ, ఎంత కాల్సినా సావనంటంది?"
అరచేతి వెడల్పు ఆలిచిప్ప.
గోటితో మీటితే ఇత్తడి గిన్నెలా పలికింది.

అసిరయ్య తవ్వే నూతిలోదట.
సముద్రానికి మూడు మైళ్లు లోపల,
ఆరు నిలువుల లోతున.

యాభై ఎనిమిదేళ్ల మనిషి గోచీ బిగించి
మోకు పట్టుకు దిగాడు.
"బేగి రండి బాబూ, గోడ సెమ్మగిల్లింది!"
పైనుంచి అసిరయ్య.
లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.
ఆముదం దీపం వెలుగులో
గోడ నిండా చిప్పలు,
ఇంకా తెరవని నోళ్లు.
కెరటం లేని సముద్రమొకటి
ఆయన భుజాలకు రాసుకుంటూ నిలబడి ఉంది.

బడి బీరువా ఖాళీ చేస్తుంటే
నిన్న నాకు దొరికింది ఆయన నోటుబుక్కు.
బొమ్మ కింద గుండ్రటి అక్షరాలు:
తూకం పదకొండు తులాలు.
కనుగొన్నది దాలమ్మ, సున్నపు బట్టీ.
ఇచ్చినది పావలా. అర్ధరూపాయి అడిగింది. బాకీ.
చిప్ప మద్రాసు పంపాను. రసీదు రాలేదు.

చివరి పేజీలో ఆమె మాట,
ఆమె అన్నట్టే:
"మరి మనమూ రాయైపోతామా బాబూ?"
కింద జవాబు మొదలుపెట్టి కొట్టేశాడు.
మళ్లీ మొదలుపెట్టి మళ్లీ కొట్టేశాడు.
ఆ పక్కన,
తమలపాకుకి సున్నం రాస్తూ రాస్తూ
ఏదో తోచి ఆగిపోయిన వేలి ముద్ర.
తెల్లగా, గీతలతో సహా.
గోకి చూశాను,
రాలలేదు.