మోఖోట్లాంగ్ సంతలో

ఉన్ని బేరమాడుతున్న ఆ మనిషి మొహాపీ.
నేనే ముందు గుర్తుపట్టాను.
"బాగున్నావా?" అన్నాను.
పరాయిదాన్ని చూసినట్టు చూశాడు.

ఇరవై నెలలు
అతని కంటే ముందు అతని దగ్గు
మా క్లినిక్ మెట్లెక్కేది.
కిటికీలన్నీ తెరిచి, కొండమంచును లోపలికి రానిచ్చి,
గుప్పెడు మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని.
మింగాక నోరు తెరవమనేదాన్ని.
నాలుక పైకి. నాలుక కిందికి.
దొంగను నిలదీసినట్టే. ఏం చేయను,
అంతకు ముందేడు ఇద్దరు
మాత్రలు బుగ్గన దాచుకుని, పోయారు.

ఊపిరితిత్తులు మిగిలాయి.
సూదిమందు చెవులు తీసుకుంది.
ఎనిమిది నెలలు ఆ సూదులు పొడిచింది ఈ చేతులే,
రిజిస్టరులో 'నయమైంది' అని రాసిందీ ఇవే.
చెవుల సంగతి రాయడానికి
అందులో గడి లేదు.

ఇక నా గొంతు దేనికి?
ముఖమా, అతనెన్నడూ చూడనిది.
పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో
కళ్లు మాత్రమే బయట పెట్టుకున్నదాన్ని.
భుజం మీది బసోతో దుప్పటి లాగి
ముక్కు దాకా కప్పుకున్నాను.

మొహాపీ ఉన్నిమూట కింద పెట్టాడు.
నడి సంతలో, గొర్రెల ముందు, కొనేవాడి ముందు
బుద్ధిగా నోరు తెరిచి
నాలుక పైకెత్తి చూపించాడు.