నాలుక లేని గడ్డి

నాట్లు పడి మూడో రోజు.
ధవళేశ్వరం నీళ్ళు పంటబోదె దిగి
నా కౌలు ఎకరంలో
వేలి కణుపు లోతున ఆగాయి.
స్వర్ణ నారు ఇంకా తేరుకోలేదు,
కొత్త బడిలో చేరిన పిల్లలా తల వాల్చింది.

గడ్డి లేదు.
ఏ మడిలో చూసినా లేదు.
ఇవాళే చల్లాలంటుంది నూకరత్నం.

"కనపడనిదాని మీద మందేంటక్కా?"
"కనపడ్డాక ఇది పనిచెయ్యదురా.
మొలక కన్ను తెరిచేలోపే."

ముప్పై ఏళ్ళు కలుపు తీసిన చేతులు.
ఊదకీ వరికీ తేడా
ఆకు మెడ దగ్గర వేలితో తడిమి చెప్పేస్తుంది:
వరికి అక్కడ చిన్న నాలుక ఉంటుంది,
ఊదకి లేదు.
పిలవకుండా వచ్చి చెప్పకుండా తినేదానికి
నాలుకతో పనేముంది, అంటుంది.

పదమూడు మంది ముఠాకి మేస్త్రి ఒకప్పుడు.
ఇప్పుడు నలుగురు మిగిలారు.
కొందరు రొయ్యల షెడ్డుకి పోయారు,
ఒకామె నడుం పట్టేసి మంచాన ఉంది.
"ఈ డబ్బా మా కూలి తాగిన డబ్బా" అంది,
కోపంగా కాదు,
ఇసుక జల్లిస్తూ.

గట్టు మీద పాత పట్టా పరిచింది.
పొడి ఇసుక ఇరవై కిలోలు.
డబ్బా మీది చీటీ నాచేత రెండుసార్లు చదివించింది:
ఎకరానికి ఎంత,
కంట్లో పడితే ఏం చెయ్యాలి,
డైమండ్ గుర్తు ఏ రంగు.
కొట్టు కొండలరావు చెప్పాడన్నాను,
ఇంకో మూత ఎక్కువేస్తే చేను అద్దంలా ఉంటుందని.
"వరి కూడా లేకపోతే అద్దంలాగే ఉంటది.
మూత ఆడిది, చేను నీది."

చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి గుడ్డ,
మోచేతులు దాటే చొక్కా.
నేను బీడీ తీయబోతే
ఒక్క చూపు చూసింది. మళ్ళీ జేబులో పెట్టేశాను.
గట్టు మీది కంది మొలక కూడా కదలని వేళ,
గాలికి వీపు పెట్టి, వెనక్కి నడుస్తూ
విత్తనాలు జల్లినట్టు జల్లింది
విత్తనాలు మొలవకుండా చేసే ఇసుకని.

"మూడు రోజులు తూము తీయకు.
వానొస్తే గట్టు పెంచు. కిందికి మాత్రం వదలకు."

నేను మాట్లాడలేదు.
పోయిన సార్వాలో వదిలాను.
రాత్రి వాన, భయం, పార తీసుకుని వెళ్ళి
గండి కొట్టి పడుకున్నాను.
తెల్లారి తుల్యభాగ డ్రెయిన్లో
పరిగెలు తెల్లగా తేలాయి,
మట్టగిడస ఒకటి నోరు తెరిచి ఉంది.
గేదెను కడగబోయిన పిల్లాణ్ణి అరిచి వెనక్కి పంపాను.
ఎందుకో చెప్పలేదు.
మందు డ్రెయిన్లో పోయింది,
ఊద నా చేలో మోకాలెత్తు లేచింది.
నాలుక లేనిది ఒక్క గడ్డికే కాదు.

డబ్బా బాగుంది, కిరసనాయిలు పోసుకుంటానన్నాను.
మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు ఇసుకలోనే కలిపిన మనిషి
కొడవలి మొనతో దాని కడుపు పొడిచింది.
బోదెకి దూరంగా, దిబ్బ మీద,
నడుం లోతు గొయ్యి నాచేత తవ్వించింది.
సబ్బుతో చేతులు కడిగింది, మళ్ళీ కడిగింది.
అప్పుడు గానీ చద్దిమూట విప్పలేదు.

ఇరవయ్యో రోజు.
ఊద లేదు.
పల్లపు మూల తుంగ మాత్రం లేచింది, దట్టంగా.
గడ్డలోంచి పుట్టేది
ఈ మందు మాట వినదట.

నలుగురూ వచ్చారు. వంగారు.
పూట గడవకముందే అయిపోయింది.
సగం కూలి లెక్కపెడుతుంటే
నూకరత్నం నా వేళ్ళనే చూస్తోంది.
మిగతా సగం కూడా తీశాను.

వెళ్తూ వెళ్తూ ఆగింది.
నేను పీకి గట్టున పడేసిన మొక్కనొకటి ఎత్తి
మెడ దగ్గర తడిమింది.
"దీనికి నాలుకుందిరా" అని
మళ్ళీ బురదలో గుచ్చింది.