ఇరకం, ఏడోసారి

తడలో బస్సు దిగతానే
గాలిని ముక్కుతో ఓసారి పైకెత్తి
"పోయినసారికన్నా ఉప్పు పలచన" అన్నాడు మునిరత్నం.
చిత్తూరు బెల్లం మండీలో
ఇరవై ఆరేండ్లు కాటా ముందర కూర్చున్న మనిషి.
గాలినీ వదలడు.

"గోవా పోరాదా, అండమాను పోరాదా,
ఆ బురద దీవిలో ఏముండాదని?" అంటాది మా తోటికోడలు.
ఏముండాదో తెలుసు. అందుకే.

మొదటిసారి తెలిసి రాలేదు.
సూళ్ళూరుపేటలో పెండ్లికని వచ్చినాం.
పీటల మీద పెండ్లి ఆగిపోయింది.
అన్నం పెట్టేవాళ్ళు లేరు, ఇంటికి పోయే బస్సు లేదు.
కట్టిన పట్టుచీర కట్టినట్టే
ఎవరో చెబితే ఈ పడవెక్కినాం,
కడుపు కాలతా, నవ్వుకుంటా.

భీములవారిపాళెం రేవులో ఏళుమలై ఉండాడు గానీ
చేతిలో గెడ లేదు.
కొడుకు నడపతా ఉండాడంట, ఇంజను పడవ.
"మళ్ళానా?" అన్నాడు
వల ముడి మీంచి తల ఎత్తకుండానే.
ఆ ఒక్క మాటకు మాకు ఊరొచ్చేసినట్టే.

సరస్సులో ఇప్పుడు నీళ్ళకన్నా అడుగే ఎక్కువ.
పడవ ఒడ్డుదాకా పోదు. ఎప్పుడూ పోలేదు.
మోకాటి లోతులో ఆగతాది.
ఆ పొద్దు పట్టుచీర తడవకూడదని
నన్ను రెండు చేతులా ఎత్తుకుని
నీళ్ళల్లో నడస్తానే అందరి ముందర అన్నాడు:
"నలభై ఏడు కిలోలు. చీర ఒకటి."
పడవంతా నవ్వింది.
మొగం యాడ పెట్టుకోవాలో తెలియక
ఆయన భుజంలోనే పెట్టినా.

ఆ తర్వాత ప్రతిసారీ ఎత్తినాడు, ప్రతిసారీ చెప్పినాడు.
యాభై ఒకటి. యాభై నాలుగున్నర.
ఒక్కసారి మాత్రం,
ఆస్పత్రి నుంచి ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చిన నెలకు,
ఎత్తుకున్నాడు, ఒడ్డుదాకా నడిచినాడు,
ఏ లెక్కా చెప్పలేదు.

ఈ ఏడు ఆయన నడుముకు కుట్లు.
ఐదు కిలోలకు మించి ఎత్తకూడదన్నాడు డాక్టరు,
అదీ కాటా మనిషితో.
పడవ ఆగినాక
ఒకరి మొగం ఒకరు చూడకుండా
కొంచేపు ఇద్దరం పక్షుల్ని చూసినాం.
అప్పుడు కుచ్చెళ్ళు దోపుకుని నేనే దిగినా.

ఆరుసార్లు వచ్చి పోయినా
ఈ నీళ్ళను నేను తొక్కింది లేదు.
పైన వెచ్చన, కింద చల్లన.
కాలివేళ్ళ సందుల్లోంచి బురద
చల్లారిన సంకటి మాదిరి మెత్తగా పైకి లేస్తాది.
ఏందో చిన్న చేప పిక్కను పొడిచి పోయింది.
ఇన్నేండ్లూ ఇదంతా ఆయన ఒక్కడే అనుభవించినాడా,
నాకు చెప్పనన్నా చెప్పకుండా?

వెనక్కి తిరిగి చెయ్యి చాచినా.
తన చెయ్యి నా చేతిలో వేసి దిగినాడు.
"కిలో ముప్పావు" అన్నా.
"తడి సరుకు. తరుగు తియ్యాల" అన్నాడు.
తియ్యలేదు నేను.

పచ్చయమ్మ ఇంట్లో అదే వెనక గది, అదే ఈతచాప.
తెచ్చిన అచ్చుబెల్లాన్ని చేత్తో ఊపి చూసి
రెండు కిలోలకు తక్కువే అని ఆయనతో గొడవ పెట్టుకుంటాది,
ప్రతిసారీ మాదిరే ఓడిపోతాది.
పీతల పులుసులో అదే కారం, కండ్లల్లో అవే నీళ్ళు.

రాత్రంతా పూనారై పక్షులు నీళ్ళల్లో గొణుగుతానే ఉన్నాయి,
వేలం మొదలుకాకముందు మండీలో రైతుల మాదిరి.
ఆయన నిద్రపోలేదు. నేనూ పోలేదు.
మాట్లాడుకోనూ లేదు.

పొద్దున్నే సర్దుకుంటా చూస్తే
కిటికీ గూట్లో పోయినసారి మరిచిపోయిన
కొబ్బరినూనె సీసా. వేలెడు తగ్గింది.
పచ్చయమ్మ చెప్పలేదు, నేనడగలేదు.
సంచిలో వేసుకోబోతే ఆయన అందుకుని
అరచేతిలో ఒకసారి తూచి
"నూటా ఎనభై" అని
మళ్ళా గూట్లోనే పెట్టేసినాడు.