ఓవర్‌కోటు కొలతలు

రాజాంలో ఎండలు మాడ్చేస్తున్న వైశాఖంలో
జూటు మిల్లు అసిరయ్య నా మిషను ముందు నిలబడి
"ఓవర్‌కోటు కావాల" అన్నాడు.
ఏ పెళ్లికిరా అన్నాను.
"కన్నక టాకీసులో ఆడతంది కదా,
ఆ డిటెక్టివు ఏసుకున్నలాటిది.
మెడకాడ రెక్కలు లేసుండాల."

కొలతల కోసం నాలుగాటలు చూశాను.
నేల టిక్కెట్టు, జేబులో ఇంచి టేపు.
మొదటిరోజు కోటు కనబడలేదు, వాన కనబడింది.
తలుపు కిర్రుమంటే పక్కనున్న ఉల్లిపాయల ముసలమ్మ
నా మోచెయ్యి పట్టుకుని ఇంటర్వెల్ దాకా వదల్లేదు.
రెండోరోజుకి హంతకుడెవరో తెలుసు.
తెలిసీ, వాడు దీపం ఆర్పగానే అరికాళ్లు చల్లబడ్డాయి.
మూడోరోజు కాలరు చూశాను. నాలుగంగుళాలు, లోపల గట్టి బక్రం.
నాలుగోరోజు టేపు తియ్యనేలేదు.

ఏటుంది అందులో, అంది మా ఆవిడ.
ఏముందీ,
పాలకొండ నుంచి రావాల్సిన రీలు బస్సులో ఇరుక్కుపోతే
చీకట్లో మూడొందల మందిమి వేళ్లు మడిచి లెక్కలేసుకున్నాం.
వంటవాడా, తమ్ముడా, ఆ కుంటి గుమస్తానా?
బీడీకి నిప్పడిగినవాడే
నీకెవరి మీద అనుమానం అనడిగాడు.
మిల్లు మేస్త్రీ, బేళ్లు మోసే కూలీ ఒకే బెంచీ మీద కూచుని
సిగరెట్టు బూడిద గురించి దెబ్బలాడుకోవడం
నేను మరెక్కడా చూళ్లేదు.

ఇంకోటుంది. ఆవిడకి చెప్పలేదు.
ఆ కోటువాడు వంగుతాడు.
అంత పొడుగు మనిషి
నేలకి మోకాలానించి
ఓ దారప్పోగుని పట్టకారుతో పైకెత్తి
దీపానికెదురుగా పెట్టి చూస్తాడు.
పదేళ్లప్పటి నుంచి దారప్పోగుల మధ్యే ఉన్నాను.
ఒక్కదాన్నీ ఎవరూ అలా చూసింది లేదు.
ఇక్కడ వాటిని ఊడ్చేస్తారు.

ఆ ముందటి వానల్లోనే అసిరయ్య తమ్ముడు పోలయ్య
నైట్ షిఫ్టులో బేళ్ల మేడ మీంచి జారిపడ్డాడు.
కాగితంలో అలాగే రాశారు: జారి.
చొక్కా నేను కుట్టిందే, నీలం గళ్లది.
చాప మీద పడుకోబెట్టినప్పుడు చూశాను.
పై రెండు గుండీలు లేవు.
దారం తెగి పోలేదవి, గుడ్డతో సహా పీక్కుపోయాయి.
జారినవాడి గుండీలు అలా పోవు.
ఎవరో గుప్పిట పడితేనే అలా పోతాయి.
గుండీలు కుట్టేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

సినిమాలో అయితే
వాన వెలిశాక అందర్నీ ఒక హాల్లో కూచోబెట్టి,
మేనేజరుతో సహా,
తలుపులు మూసి
దర్జీని పిలవండి అనేవారు.

కోటు కుట్టాను. ఖాకీ డ్రిల్లు, ఏడు గుండీలు,
ఒక్కోదానికీ నాలుగు పేటల దారం.
అసిరయ్య అది తొడుక్కుని సెకండ్ షోకి వెళ్లాడు.
జనం నవ్వారు. చెమట కాలవలు కట్టింది.
విప్పలేదు.
తెరమీది మనిషి వేలు గురిపెట్టి "నువ్వే" అన్నప్పుడు
హాలంతా ఈలలు వేస్తుంటే
వాడొక్కడూ వెనక్కి తిరిగి
పైన బాల్కనీ కుర్చీల వైపు చూశాడు.

మూన్నాళ్లకి తెచ్చి బల్ల మీద పడేశాడు.
"కుర్రోడికి రెండు లాగులు సెయ్యి."
కత్తెర పెట్టాను.
గడప దాటబోతూ ఆగాడు.
"మావా, మా పోలిగాడి సొక్కా నువ్వే కదా కుట్టినావు?"
అవునన్నాను.
ఇంకేదో అడుగుతాడని చూశాను.
మిల్లు కూత వేసింది. వెళ్లిపోయాడు.

అలాంటి సినిమాల్లో ఒకడుంటాడు,
అన్నీ చూసి ఏమీ చెప్పనివాడు.
రేపు చెబుతానంటాడు. మూడో రీల్లో చస్తాడు.

కన్నక టాకీసు పడగొట్టి ఎరువుల గోడౌను కట్టారు.
నాకిప్పుడు డెబ్బై ఎనిమిది.